పెట్టె గొప్పదే గాని గాదె కాదు

"రెయిడ్ పెట్టె కొనేశాం. ఇంక మా ఫుటేజికి ఢోకా లేదు!" ఎడిటింగు గదుల్లోనూ, పెళ్ళి ఫొటో స్టూడియోల్లోనూ, ఆఖరికి మన కాలేజీల్లో షార్టు ఫిల్ములు తీసే కుర్రాళ్ళ నోటా ఈమధ్య తరచు వినపడుతున్న మాట ఇది. ఈ మాటలో సగం నిజం వుంది. మిగతా సగం ప్రమాదం. ఆ రెండో సగం గురించే ఈ నాలుగు ముక్కలు.

అసలీ పెట్టె అవసరం ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. 4కె చిత్రాన్ని ఎడిటర్లు వాడే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ పద్ధతిలో, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాస్తే, గంటకు సుమారు 318 గిగాబైట్లు అవుతుంది. రోజుకు మూడు గంటల ఫుటేజి తీస్తే టెరాబైటుకు కాస్త తక్కువ. పదిహేను రోజుల షూటింగంటే 14 టెరాబైట్ల పైమాటే. చోటొక్కటే కాదు, వేగం కూడా కావాలి. మూడు కెమెరాల దృశ్యాలు పక్కపక్కనే పెట్టుకుని కత్తిరించాలంటే సెకనుకు 260 మెగాబైట్లకు పైగా అందాలి. ఒంటరి హార్డు డిస్కు సాధారణంగా 200, 250 దగ్గరే చతికిలబడుతుంది. అంచేత నాలుగు డిస్కుల్నో, ఎనిమిది డిస్కుల్నో ఒక పెట్టెలో కూర్చి, అన్నీ కలిసి ఒకే పెద్ద డిస్కులా పని చేసేటట్లు చేశారు. కంప్యూటరు పక్కన పెట్టి తీగ తగిలిస్తే చాలు, పని మొదలు!

ఈ ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. 1988లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. అందులో గిబ్సన్ అప్పటికింకా విద్యార్థే. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కు బదులు, చవకరకం చిన్న డిస్కులు బోలెడు కలిపి వాడవచ్చునన్నది వారి వాదన. డిస్కుల సంఖ్య పెరిగినకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశమూ పెరుగుతుంది గదా! దానికి విరుగుడుగా కొంత అదనపు లెక్క కూడా దాచమన్నారు. మూడు అంకెలూ, వాటి మొత్తమూ రాసి పెట్టుకున్నామనుకోండి. ఒక అంకె చెరిగిపోయినా, మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే పోయినది దొరుకుతుంది. రెయిడ్ 5 సూత్రం దాదాపు ఇంతే. అందులో ఒక డిస్కు పోయినా తట్టుకోవచ్చు. రెయిడ్ 6లో రెండు పోయినా తట్టుకోవచ్చు. రెయిడ్ 0 అనేది ఒకటుంది, అది ఉత్త వేగం కోసమే. అందులో ఒక్క డిస్కు పోతే అన్నిట్లోదీ పోయినట్టే. పెట్టె కొనేవాళ్ళలో ఈ తేడా తెలుసుకుని కొనేవాళ్ళెందరు? అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో వేగం రాసి వుంటుంది గాని, ఏ డిస్కు పోతే ఏమవుతుందో రాసి వుండదు.

సరే, రెయిడ్ 5 లోనో 6 లోనో పెట్టుకున్నాం. ఇంక నిద్రపోవచ్చునా? ఇక్కడే నా అభ్యంతరం. ఈ ఏర్పాటు కాపాడేది ఒకే ఒక్క ఆపద నుంచి. అది డిస్కు చెడిపోవటం. మన పనిని మింగేసే ఆపదలు అదొక్కటే అయితే ఈ వ్యాసమే అక్కర్లేదు. పొరపాటున ఎవరో ఫోల్డరు చెరిపేశారనుకోండి, పెట్టె ఆ ఆజ్ఞను అన్ని డిస్కుల మీదా క్షణంలో, ఎంతో విధేయంగా అమలు చేస్తుంది. వైరస్ వచ్చి ఫైళ్ళకు తాళం వేసి డబ్బు కట్టమన్నా అంతే. దొంగ వచ్చాడంటే ఒక్కో డిస్కూ వూడదీసుకోడు, పెట్టెను పెట్టెగా చంకన పెట్టుకుపోతాడు.

కోట్లు గుమ్మరించే సంస్థలకే ఈ గతి పట్టింది. 1998లో పిక్సార్‌వారు 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా, ఎవరో ఇచ్చిన ఒక ఆజ్ఞతో సినిమాలో చాలా భాగం చెరిగిపోవటం మొదలయింది. ఫరవాలేదు, బ్యాకప్ వుందిగదా అనుకున్నారు. తీరా చూస్తే ఆ బ్యాకప్ సరిగ్గా పని చెయ్యటం లేదు. చివరికి వాళ్ళను గట్టెక్కించింది గలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి ఇంట్లో వున్న కంప్యూటరు. బిడ్డ పుట్టాక ఇంటి నుంచే పని చేసుకోవటానికి ఆమె సినిమా కాపీ ఒకటి తెచ్చుకుని పెట్టుకున్నది. గమనించండి, కాపాడినది పెద్ద యంత్రం కాదు. వేరే చోట వున్న మరో కాపీ!

పోనీ, డిస్కే చెడిపోయిందనుకుందాం. కొత్తది పెట్టగానే పెట్టె పాత లెక్కంతా తిరగేసి దాన్ని నింపుతుంది. 20 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నింపాలంటే దాదాపు 28 గంటలు. మధ్యలో మనం పని చేస్తుంటే ఇంకా ఎక్కువ. ఆ సేపంతా మిగతా డిస్కులు ఊపిరి తిరక్కుండా చాకిరీ చెయ్యాలి. అవన్నీ ఒకే రోజు, ఒకే కొట్లో కొన్నవైతే, అన్నీ ఒకే వయసువి. ఒకటి ముసలిదయిందంటే తక్కినవి పడుచువి కావుగదా!

పోతే, మన ప్రాంతపు ఆపదలు మనకున్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నేలమీద, టేబిలు కింద పెట్టిన పెట్టెలో నాలుగు డిస్కులుంటే నేమి, నలభై వుంటే నేమి? నీళ్ళకు రెయిడ్ 5 అనీ 6 అనీ తేడా తెలియదు.

"అయితే క్లౌడులో పెట్టుకుంటాం" అనేవారున్నారు. మంచిదే. కాని సెకనుకు 50 మెగాబిట్లు ఎక్కించే కనెక్షనుతో ఒక్క టెరాబైటు ఎక్కించటానికే 44 గంటలు పడుతుంది. 14 టెరాబైట్లకు ఎన్ని రోజులో మీరే లెక్క వేసుకోండి. నెలనెలా అద్దె సరేసరి. "అంత డబ్బు మాకెక్కడిది?" అనేవారి మాటలో ఎక్కువ న్యాయం వుంది. జిల్లా పట్నంలో స్టూడియో నడుపుకునే కుర్రాడికి ఈ పెట్టే అప్పు చేసి కొన్న సరుకు. నేను చెప్పేది మరో పెట్టె కొనమని కాదు. కొనబోయే పెట్టె ఒక మెట్టు చిన్నది కొని, మిగిలిన డబ్బుతో రెండు మామూలు డిస్కులు కొనమంటాను. ఒకటి స్టూడియో బీరువాలో, ఒకటి వేరే పేటలో వున్న బంధువుల ఇంట్లో. అమెరికన్ ఫొటోగ్రాఫరు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇదే. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. చిరుద్యోగి తన కూతురి పెళ్ళి మళ్ళీ తీయించుకోలేడు. ఆ జ్ఞాపకానికి ఆ కుర్రాడే ధర్మకర్త.

ఈ విషయంలో మన చరిత్ర గర్వించదగ్గది కాదు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మూకీల కాలంలో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఈనాడు చూద్దామంటే లేదు. 1931 నాటి తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. 2003 జనవరిలో పూనాలో నైట్రేటు రీళ్ళు దాచిన చోట నిప్పంటుకుంది. అన్నమయ్య పదాలు 32 వేలంటారు. రాగిరేకుల మీద చెక్కించినా మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. రాగి చెడలేదు. కాని చాలా కాలం వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. వస్తువు గట్టిదైతే చాలదనటానికి ఇంతకన్న సాక్ష్యం కావాలా?

ఇక మన ఇంటి సంగతి. మన కాలేజి వార్షికోత్సవ నాటకాల వీడియోలూ, జానపద కళాకారుల దగ్గరికి వెళ్ళి విద్యార్థులు రికార్డు చేసి తెచ్చిన పాటలూ ఎక్కడున్నాయి? ఒకటి ఒకరి లాప్‌టాప్‌లో, ఇంకొకటి చదువు ముగించి వెళ్ళిపోయిన సీనియర్ దగ్గర. ఆ పాట పాడిన ముసలమ్మ మళ్ళీ పాడటానికి వుంటుందో వుండదో! మన యూనియన్ ఒక పెట్టె కొనాలని ఎవరైనా ప్రతిపాదిస్తే నేను చెయ్యెత్తుతాను. ఒక్క షరతు మీద. పెట్టెతోబాటు రెండు కాపీలకూ బడ్జెట్టులో పద్దు వుండాలి. ఒక కాపీ లైబ్రరీలో, ఒకటి వూరికి ఆ చివర వున్న మరో కాలేజీలో వుండాలి. మనం వాళ్ళది దాద్దాం, వాళ్ళు మనది దాస్తారు. ఏటా కొత్త కార్యవర్గం పదవి స్వీకరించే రోజున ఆ డిస్కులు తెరిచి, పాట వినపడుతున్నదా లేదా అని అందరి ఎదుటా చూసి, అప్పుడే సంతకం పెట్టాలి. వినపడకపోతే, వున్న కాపీ నుంచి ఆ రోజే మరొకటి తియ్యాలి.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మానుకుంటే చాలు.