చెంబెడు నీళ్ళు

మనుషులను ఒకరికొకరిని దగ్గర చేసేవి ఏవి? రక్తసంబంధం, ఒకే ఊరు, ఒకే భాష అని చాలామంది చెబుతారు. అది నిజమే. అయితే ఇవన్నీ మనకు పుట్టుకతో వచ్చినవి. మనం కోరి తెచ్చుకొన్నవి కావు. మనంతట మనం కలుపుకొనే చుట్టరికం ఇంకొకటి ఉంది. అది రోజూ చేసే చిన్న చిన్న ఉపకారాల వల్ల ఏర్పడుతుంది. పెద్ద పెద్ద దానాలకన్నా ఇవే మనుషులను ఎక్కువగా కలుపుతాయని నా అభిప్రాయం.

మన చిక్కబళ్ళాపురం జిల్లానే చూడండి. 2007లో కోలారు నుండి వేరుపడి ఏర్పడిన ఈ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. పెన్న, చిత్రావతి ఈ గడ్డమీదే పుట్టినా, వానలు పడితేనే వాటిలో నీరు. నీటి కరవు తెలిసిన చోటనే నీళ్ళిచ్చే మర్యాద కూడా నిలిచింది. ఎండాకాలంలో దారి పక్కన పందిరి వేసి, కుండలకు తడిగుడ్డ చుట్టి, బాటసారులకు నీళ్ళు పోస్తారు. తెలుగులో దీనిని చలివేంద్రమనీ, కన్నడంలో అరవట్టిగె అనీ అంటారు. శ్రీరామనవమి నాడు పానకం, మజ్జిగ, కోసంబరి పంచుతారు. దోసిలి పట్టినవారు ఏ ఊరివారని ఎవరూ అడగరు.

కర్ణాటకలోని పాత దారుల పక్కన 'హొరెగల్లు' అనే రాళ్ళు కనిపిస్తాయి. రెండు నిలువు బండలపై ఒక అడ్డబండ, అంతే. తలమీద మోపుతో నడిచేవారు ఇతరుల సాయం లేకుండానే దానిపై బరువు దించి, అలుపు తీర్చుకొని, మళ్ళీ ఎత్తుకొని పోవచ్చు. ఆ రాయి నిలిపినవారి పేరు బాటసారికి తెలియదు. కాని తన కష్టాన్ని ముందే ఊహించిన మనిషి ఒకరు ఉన్నారని మాత్రం తెలుస్తుంది. ఎదుటివారి కష్టాన్ని ఊహించగలగడమే దయకు మొదటి మెట్టు.

ఇక మన ఊళ్ళలోని పట్టుపురుగుల పెంపకాన్ని గమనించండి. నాలుగుసార్లు పొర విడిచిన పురుగు, ఆపైన వారం రోజులకు పైగా రాత్రింబగళ్ళు ఆకు తిని పండుతుంది. పండిన పురుగును వెంటనే ఏరి చంద్రికల మీదికి చేర్చకపోతే గూళ్ళు చెడిపోతాయి. ఆ పూట ఇంటివారి చేతులు చాలవు. అప్పుడు ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుంటారు. రేపు వారి ఇంట పురుగు పండితే వీరు పోతారు. ఈ సాయాన్ని ఎవరూ లెక్క రాసుకోరు, ఎవరూ మరచిపోరు.

దానంలో ఇచ్చే చేయి పైన, పుచ్చుకొనే చేయి కింద ఉంటాయి. చేసాయంలో ఈ ఎత్తుపల్లాలు లేవు. నేడు ఇచ్చినవారే రేపు పుచ్చుకొంటారు. దానం కృతజ్ఞతను పుట్టిస్తుంది. చేసాయం స్నేహాన్ని పుట్టిస్తుంది.

చింతామణి తాలూకా కైవారంలో 1726లో జన్మించారని ప్రసిద్ధికెక్కిన యోగి నారేయణ యతీంద్రులు తెలుగులోనూ, కన్నడంలోనూ కీర్తనలు రచించారు. ఆయన యోగి కాక పూర్వం గాజులు అమ్మేవారు. ఆ వృత్తిని ఒకసారి ఆలోచించండి. గాజు తొడగాలంటే ఎదుటివారి చేయి పట్టుకోవాలి. చేతికి నొప్పి కలగకుండా, గాజు పగలకుండా మెల్లగా ఎక్కించాలి. ఆ పనికి డబ్బుతోపాటు మెత్తదనం కూడా పెట్టుబడే.

ఆ మెత్తదనం మాటలోనూ ఉండాలి. మనలో చాలామందిమి ఇంట తెలుగు, బడిలో కన్నడం మాట్లాడతాం. సంతలో ఉర్దూ వింటాం. బాగేపల్లి దాటితే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. బస్సు మీది కన్నడ బోర్డు చదవలేక నిలబడిన ముసలామెను "యాడికి పోవల్ల అవ్వా?" అని ఆమె మాటలోనే అడిగి, బస్సు చూపించడానికి నిముషం పట్టదు. ఆ నిముషంలోనే ఆమెకు పరాయి ఊరు తన ఊరవుతుంది.

చెంబెడు నీళ్ళతో కరవు తీరుతుందా, పేదరికం పోతుందా అని కొందరు అడగవచ్చు. తీరదు. చెరువుల పూడిక తీయించడం, ఇంటింటికీ మంచినీరు అందించడం ప్రభుత్వం చేయవలసిన పనులు. మన ఉపకారం వాటికి బదులు కాజాలదు. కాని ఒకరి గడపలో ఒకరు నీళ్ళు తాగిన ఊరివారే, కష్టం వచ్చినప్పుడు కలసి నిలబడి తమకు రావలసినది అడగగలరు.

అయితే ఈ మాట నిజం కావాలంటే ఒక పరీక్షకు నిలవాలి. అస్పృశ్యతను మన రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. అయినా కొందరికి వేరే లోటా ఇవ్వడం, ఎత్తు నుండి దోసిట్లో నీళ్ళు పోయడం అన్నిచోట్లా పోలేదు. కులం చూసి పోసిన నీళ్ళు దాహం తీర్చవచ్చు గాని, మనుషులను కలపలేవు. మనం తాగే చెంబుతోనే ఎదుటివారికీ ఇచ్చినప్పుడే అది ఉపకారం అనిపించుకొంటుంది.

ఇందుకు ధనం అక్కరలేదు, పెద్దవాళ్ళం కావాలని ఆగనక్కరలేదు. బడికి కొత్తగా వచ్చి ఒంటరిగా కూర్చున్న తోటి విద్యార్థికి పక్కన చోటిచ్చి, పేరు పెట్టి పిలవడం నేడే చేయవచ్చు.