చివరి మొక్కకు నీరందుతోందా?

ప్యాపిలిలో కిరాణా కొట్టు నడిపే యాభై అయిదేళ్ల మనిషి ఒకరున్నారనుకోండి. కూర్చుని పొట్లాలు కడుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. బియ్యం బస్తా ఎత్తితే మాత్రం ఛాతీ పట్టేసినట్టవుతుంది. కాసేపు ఆగితే తగ్గిపోతుంది. 'గ్యాసై ఉంటాది నాయనా, రోంత వాము నమలు' అంటుంది తల్లి. కర్నూలు వెళ్లి ఈసీజీ తీయిస్తే మామూలుగానే వస్తుంది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. మర్నాడు బస్తా ఎత్తగానే మళ్లీ అదే పట్టు!

విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ ఇలాంటిచోటే మోసం చేస్తుంది. బోరు కింద డ్రిప్పు వేసుకున్న రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. పైపులో కొంత పూడిక చేరినా చలికాలంలో పైరు పచ్చగానే కనిపిస్తుంది. ఎండలు ముదిరితేనే చివరి మొక్కలు వాడిపోతాయి. గుండె రక్తనాళాలూ అంతే. సగానికి పైగా పూడినా, కూర్చున్న మనిషికి రక్తం సరిపోతుంది. శ్రమపడినప్పుడే కొరత బయటపడుతుంది.

ఆ కొరతను బొమ్మగా చూపించేదే న్యూక్లియర్ స్కాన్. జనం దీన్ని 'థాలియం స్కాన్' అంటారు. నిజానికి ఇప్పుడు చాలాచోట్ల వాడేది టెక్నీషియం, పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది. ట్రెడ్‌మిల్‌పై నడిపించి, గుండె వేగం పెరిగాక కొద్దిపాటి రేడియోధార్మిక మందును నరంలోకి ఎక్కిస్తారు. మోకాళ్ల నొప్పులతో నడవలేనివారికి అడినోసిన్ వంటి ఇంజెక్షన్ ఇస్తారు. రక్తం అందినచోటికే మందు చేరుతుంది. దాన్ని గామా కెమెరా ఫొటో తీస్తుంది. విశ్రాంతిలోనూ మరోసారి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. శ్రమలో కనిపించిన వెలితి విశ్రాంతిలో నిండితే కండరం బతికే ఉంది, రక్తమే చాలడం లేదని అర్థం. రెండింట్లోనూ వెలితి ఉంటే అది పాత గుండెపోటు మచ్చ కావచ్చు. పైపు ఎంత పూడిందో చెప్పేది యాంజియోగ్రామ్. మొక్కకు నీరందుతోందో లేదో చెప్పేది ఇది.

అయితే ఈ మందును మెడికల్ షాపులో నిల్వ పెట్టడం కుదరదు. టెక్నీషియం బలం ఆరు గంటలకు సగమైపోతుంది. అందుకే ఆసుపత్రికి మాలిబ్డినం ఉన్న జనరేటర్‌ను తెప్పించుకుని, దాన్నుంచి రోజూ టెక్నీషియం తీసుకుంటారు. ఈ రంగంలోవాళ్లు సరదాగా ఆ డబ్బాను 'ఆవు' అనీ, ఆ పనిని 'పాలు పితకడం' అనీ అంటారు. ఈ ఏర్పాట్లున్న హైదరాబాద్ నిమ్స్‌కో, తిరుపతి స్విమ్స్‌కో మనిషే వెళ్లాలి. చిక్కు దారిలోనే వస్తుంది. బస్సు ఆగగానే టీ తాగడం అలవాటు కదా! టీ, కాఫీ, కూల్‌డ్రింకుల్లోని కెఫీన్ అడినోసిన్‌ను పనిచేయనివ్వదు. చాలాచోట్ల 24 గంటలు ముందే మానేయమంటారు. డోన్‌లో తాగిన ఒక్క టీతో పరీక్ష వాయిదా పడవచ్చు. బీపీ, షుగరు మాత్రలు ఏవి ఆపాలో డాక్టరే చెప్పాలి. ఆస్తమా ఉన్నా, గర్భం ఉన్నా ముందే చెప్పి తీరాలి.

స్కాన్‌లో వెలితి కనిపించిందని ఆ రోజే స్టెంటుకు పరుగెత్తనక్కర్లేదు. నొప్పి నిలకడగా ఉన్న 5,179 మందిపై జరిగిన 'ఇస్కీమియా' అధ్యయనం ఫలితాలు 2019లో వెల్లడయ్యాయి. మంచి మందులు వాడినవారితో పోలిస్తే, మందులకు తోడు ముందే స్టెంటో బైపాసో చేయించుకున్నవారిలో మరణాలు తగ్గలేదు. నొప్పి తరచూ వచ్చేవారికి మాత్రం ఉపశమనం ఎక్కువగా దొరికింది. ఎడమవైపు ప్రధాన నాళం పూడినవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదన్నది మరవకూడదు. స్కాన్‌కూ పరిమితులున్నాయి. మూడు నాళాలూ ఒకేలా పూడితే తేడా కనిపించక బొమ్మ బాగానే ఉన్నట్టు అనిపించవచ్చు. కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు ఉంటే ఏ స్కానూ వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

రేడియేషన్ భయం చాలామందిది. టెక్నీషియం పరీక్షలో పడేది సుమారు 10 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనిషికి ఏటా సగటున అందేది 2.4. అంటే నాలుగేళ్లది ఒక్కరోజులో. అవసరం లేనిదే చేయించుకోకూడదు, అవసరమైతే వెనకాడకూడదు. పరీక్షయ్యాక నీళ్లు బాగా తాగమంటారు. మనవడిని ఎత్తుకోవడం మాత్రం మర్నాటికి వాయిదా వేసుకోమంటారు.