సగం ధర సూత్రం

మా ఆఫీసులో ఎవరి ఫోన్ స్క్రీన్ పగిలినా ఒకటే సలహా: "రిపేరు ఖర్చు ఫోన్ ధరలో సగం దాటిందా? పారేసి కొత్తది కొను." అదేదో న్యూటన్ సూత్రం అన్నంత ధీమాగా చెబుతారు. చెప్పేవాళ్ళంతా ఇంజనీర్లే, అదీ నా బాధ.

ఏ ధరలో సగం? రెండేళ్ళ కిందట 18,000 పెట్టి కొన్న ఫోన్‌కి ఇవాళ 6,000 రావడమే ఎక్కువ. స్క్రీన్‌కి 5,000 అన్నారనుకోండి, సూత్రం ప్రకారం అది చెత్త. కానీ నేను దాన్ని అమ్మబోవడం లేదుగా, వాడుకోబోతున్నాను! ఇంకో రెండేళ్ళు వాడితే రిపేరు ఖర్చు నెలకి 208 రూపాయలు. పగిలినదాన్ని ఎక్స్‌చేంజ్‌లో 2,000కి ఇచ్చేసి, మళ్ళీ అంతదే కొని నాలుగేళ్ళు వాడినా నెలకి 333. చూడాల్సింది బ్యాటరీ ఎలా ఉంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకెన్నాళ్ళొస్తాయి అన్నవి. ఆ రెండూ అయిపోయిన ఫోన్‌కి స్క్రీన్ వేయించమని నేనూ అనను.

అసలు ఆ 5,000 ఎక్కణ్ణుంచి వచ్చింది? పగిలింది పైనున్న గాజు. దాన్నీ, టచ్‌నీ, డిస్‌ప్లేనీ కలిపి అతికించేశారు కాబట్టి మొత్తం 'కాంబో' మార్చాలంటారు షాపులో. అతుకు ఒక్కటే అయితే సరే, ఇంజనీరింగ్ అవసరం అనుకోవచ్చు. 2021లో ఐఫోన్ 13 వచ్చినప్పుడు బయట స్క్రీన్ మార్పిస్తే ఫేస్ ఐడీ ఆగిపోయేది. పాత స్క్రీన్ మీది చిప్పుని మైక్రోస్కోప్ కింద ఊడదీసి కొత్తదానికి అతికించాల్సొచ్చేది. గోల జరిగాక యాపిల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాన్ని తీసేసింది. అప్‌డేట్‌తో పోయిందంటే అది గాజు సమస్య కాదన్నమాట. రిపేరు ధరని ఇలా పెంచుకునే వీలు కంపెనీ చేతిలో ఉంటే, ఆ ధరని పట్టుకుని ఫోన్ బతుకు తేల్చే సూత్రం ఎవరికి పనికొస్తుంది?

అలాగని పగుళ్ళతో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చేవాళ్ళనీ నేను మెచ్చుకోను. మూలన గీత పడి టచ్ బాగుంటే టేపేసుకుని ఆగొచ్చు. నల్లటి మచ్చ పాకుతున్నా, వేలు పెట్టకుండానే అక్షరాలు పడుతున్నా ఆ పూటే బ్యాకప్ తీసి షాపుకెళ్ళాలి. మా నాన్న వెళ్ళలేదు. "పనిచేస్తోంది కదరా," అన్నాడు ఏడాదిపాటు. ఒకరోజు పొద్దున టచ్ చచ్చిపోయింది. ఫోన్ మోగుతోంది, పిన్ కొట్టడానికి లేదు. చనిపోయిన మా నాయనమ్మ వీడియోలన్నీ అందులోనే. కొలీగ్‌కి చెబితే యథాప్రకారం సగం ధర సూత్రం చెప్పాడు.

షాపతను పనిచేసే కాంబో ఒకటి తెచ్చి, అతికించకుండా ఊరికే కేబుల్ తగిలించాడు. నాన్న పిన్ కొట్టాడు. వీడియోలన్నీ లాప్‌టాప్‌లోకి దింపడానికి గంటన్నర పట్టింది. "తీసేయనా సార్?" అన్నాడతను.

"ఉండనీ, అతికించేయ్," అన్నాడు నాన్న.