కృష్ణా నీళ్ల పద్దు ఎవరి సందుగలో ఉంది?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల మీదే తెలంగాణ కొట్లాడింది. నియామకాల్లో జరిగిన అన్యాయం ఎట్లా రుజువైంది? 1985లో 610 జీవో వచ్చింది. పదహారేళ్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఉద్యోగులు ఊరుకోలేదు. శాఖల వారీగా, జిల్లాల వారీగా లెక్కలు తీశారు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయక తప్పలేదు. లెక్క బయట పడ్డాకే కొట్లాటకు కోరలు వచ్చాయి. ఈ సంగతి మన ఉద్యోగ మిత్రులకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

మరి మూడు మాటల్లో మొదటిదైన నీళ్ల లెక్క ఏదీ?

శ్రీశైలం మట్టం ఎంత, సాగర్ ఇన్‌ఫ్లో ఎంత అని వానాకాలమంతా పత్రికల్లో చదువుతున్నాం. ఆ అంకె ఎవరు చదివారు? ఎక్కడ నిలబడి చదివారు? సరిచూసింది ఎవరు? గేటు ఎత్తినవాడే గేజీ చదివి, వాడే పుస్తకంలో రాసుకుంటే దాన్ని లెక్క అంటారా? కల్లు అమ్మినవాడే కొలత పట్టినట్టుంది యవ్వారం!

ఈ లెక్క ఎంత విలువైనదో కాయితం, కలం తీసుకుని మనమే చూద్దాం. 11,574 క్యూసెక్కుల నీరు ఒక పగలు ఒక రాత్రి పారితే ఒక టీఎంసీ. పోతిరెడ్డిపాడు తూము మొదట 11 వేల క్యూసెక్కుల పైచిలుకు. 2005లో దాన్ని 44 వేలకు పెంచారు. అంటే రోజుకు 3.8 టీఎంసీలు. ఆ తూములో కొలత నూటికి ఐదు వంతులు తక్కువ పడిందనుకుందాం. రోజుకు 2,200 క్యూసెక్కులు పుస్తకంలోకి ఎక్కవు. నెల తిరిగేసరికి 5.7 టీఎంసీలు! బచావత్ ట్రిబ్యునల్ మన కోయిల్‌సాగర్‌కు ఏడాది మొత్తానికి ఇచ్చింది 3.9 టీఎంసీలు. గేజీ మీద చిన్న గీత తప్పితే పాలమూరులో ఒక ప్రాజెక్టే మాయమైపోతుంది. దీనికి దొంగతనం కూడా అక్కరలేదు, నిర్లక్ష్యం చాలు.

అక్కడి నుంచి నికర జలాల కేటాయింపు చెన్నై తాగునీటికి 15, శ్రీశైలం కుడి గట్టు కాలువకు 19 టీఎంసీలు. కలిపితే 34. నిండుగా పారితే 44 వేల క్యూసెక్కుల తూముకు అది తొమ్మిది రోజుల పని. మిగతా రోజుల్లో పోయేది వరద నీళ్లని అంటారు. ఏది వరద, ఏది వాటా? తేల్చాల్సింది ఉపన్యాసాలు కాదు, గేజీ. అదే శ్రీశైలంలో కనీస మట్టం 1996 జీవోలో 834 అడుగులు. 2004లో 107 జీవోతో 854 అడుగులు. 2020లో తెచ్చిన 203 జీవో పోతిరెడ్డిపాడును 80 వేల క్యూసెక్కులకు పెంచుతామంది, 800 అడుగుల నుంచే రోజుకు మూడు టీఎంసీలు ఎత్తిపోస్తామంది. గీతలు పైకీ కిందికీ జరిగాయి. జరిపే ముందు ఏ ఆయకట్టు రైతునైనా పిలిచి అడిగారా?

ఆర్డీఎస్ గోడు సరేసరి. రాజోలిబండ నుంచి 143 కిలోమీటర్ల కాలువ. మన వాటా 15.9 టీఎంసీలు, మన ఆయకట్టు 87,500 ఎకరాలు. చాలా ఏళ్లు అందులో సగం కూడా ఆలంపూర్ చివరి భూములకు దక్కలేదు. హక్కుగా పారాల్సిన నీళ్ల కోసం 2018లో తుమ్మిళ్ల దగ్గర మోటార్లు పెట్టి తుంగభద్ర నుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది. పైన ఆనకట్ట దగ్గర ఎంత వదిలారు, మధ్యలో ఎంత పోయింది, మన సరిహద్దుకు ఎంత చేరింది? ఈ మూడు అంకెలు రోజూ ఊరి చావడిలో రాసి ఉంటే ఇన్నేళ్లు ఇట్లా నడిచేదా?

నీళ్ల లెక్క రాయాలని చట్టం చెప్పలేదా? చెప్పింది. 1976 నాటి బచావత్ తుది తీర్పే ప్రతి రాష్ట్రం ఏటా వాడకం లెక్కలు రాయాలనీ, పక్క రాష్ట్రాలు అడిగితే చూపాలనీ చెప్పింది. కానీ చూసే హక్కు ప్రభుత్వాలకు ఇచ్చారు, పొలంలో నిలబడ్డ రైతుకు ఇవ్వలేదు. రాష్ట్రం అంటే సచివాలయమేనా? నాగలి పట్టినవాడు రాష్ట్రం కాదా?

2014 విభజన చట్టం కృష్ణా బోర్డును తెచ్చింది. మరుసటి ఏడాది ఢిల్లీలో ఒక కాయితం తయారైంది. ఉమ్మడి రాష్ట్రానికి దక్కిన 811 టీఎంసీల్లో ఆంధ్రకు 512, మనకు 299. ఉమ్మడి రాష్ట్రంలోని పరీవాహక ప్రాంతంలో 68 శాతం మన వైపే ఉంది, అయినా అంతే. అది ఒక్క ఏడాది సర్దుబాటన్నారు, తర్వాతి ఏళ్లకూ సాగదీశారు. దాని మీద సంతకం పెట్టింది వలస పాలకులు కాదు, మన అధికారులే. సంతకానికి ముందు శాసనసభలో చర్చ లేదు, ఆయకట్టులో ఒక్క సభ లేదు.

టెలిమెట్రీ కథ ఇంకా విడ్డూరం. తూముల దగ్గర యంత్రాలు పెట్టి మనిషి చెయ్యి పడకుండా ప్రవాహం కొలుద్దామని 2016 సెప్టెంబర్‌లో అపెక్స్ కౌన్సిల్‌లో ఒప్పుకున్నారు. కొన్ని చోట్ల పెట్టారు. మిగతా చోట్ల జాగ ఎక్కడ, పైసలు ఎవరివి అని ఉత్తరాలు రాసుకున్నారు. 2025 జూలైలో ఇద్దరు ముఖ్యమంత్రులు ఢిల్లీలో కూర్చుని టెలిమెట్రీ పెడదామని మళ్లీ ఒప్పుకున్నారు. ఒక యంత్రానికి తొమ్మిదేళ్లు! వేల కోట్ల టెండర్లు మాత్రం నెలల్లో పూర్తవుతాయి.

లెక్క లేని చోటికి లాఠీ వస్తుంది. 2023 నవంబర్ చివర, మనం ఓట్లు వేసే రోజున, ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యాం సగం ఆక్రమించి కుడి కాలువకు నీళ్లు వదిలారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాశాయి. డ్యాం మీద తుపాకులు నిలబడ్డాయి గానీ, పద్దు పుస్తకం జనం ముందుకు రాలేదు.

‘రైతులకు ఈ లెక్కలేం అర్థమవుతాయి’ అనే పెద్దమనుషులు ఉన్నారు. అయ్యా, మన గొలుసుకట్టు చెరువుల కింద నీళ్లు పంచింది ఏ ఇంజనీరింగ్ కాలేజీ? నీరటికాడు తూము ఎప్పుడు ఎత్తాడో, ఎవరి మడికి ఎంతసేపు పారిందో ఊరంతా కళ్లారా చూసేది. తప్పు జరిగితే కట్ట మీదే నిలదీసేది. ప్రజా నిఘా మనకు కొత్త కాదు. పెద్ద డ్యాములు కట్టాక దాన్ని మన చేతుల్లోంచి లాక్కున్నారు. ఉద్యమ కాలంలో ఆర్. విద్యాసాగర్‌రావు లాంటి ఇంజనీరు టీఎంసీ అంటే ఏమిటో జనం భాషలో చెప్పారు. జనానికి అర్థం కాలేదా?

ఇంకో మాట. కృష్ణా డెల్టా చివర ఎండిన మడి ముందు నిలబడ్డ రైతు మనకు శత్రువు కాదు. అతనికి కూడా పద్దు చూపడం లేదు. 2021లో శ్రీశైలం ఎడమ గట్టున మనం కరెంటు తీస్తే నీళ్లు వృథా చేస్తున్నారని ఆంధ్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. మన లెక్క సరైనదైతే దాచుకోవడం దేనికి? ఎదుటివాణ్ని అడిగే ముందు మన పుస్తకం తెరిచి పెట్టాలి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా మోటార్లు ఎన్ని గంటలు నడిచాయి, ఏ చెరువు నిండింది అని మన సర్కారునే ముందు అడగాలి. 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఉండేవి. సొంత రాష్ట్రంలో వాటికి ఎన్నికలు పెట్టకుండా ఏళ్లు గడిపింది మన పాలకులు కాదా?

అందుకే కోరేది ఇదీ. ప్రతి హెడ్ రెగ్యులేటర్ దగ్గర, ప్రతి డిస్ట్రిబ్యూటరీ మొదట్లో తెలుగులో బోర్డు పెట్టి రోజువారీ లెక్క రాయాలి. టెలిమెట్రీ అంకె బోర్డు కార్యాలయానికి చేరిన క్షణమే జనానికీ చేరాలి. నీటి విడుదల నిర్ణయించే త్రిసభ్య కమిటీ మినిట్స్ తెలుగులో బయట పెట్టాలి. చివరి భూముల రైతులకు, రెండు రాష్ట్రాల వాళ్లకూ, గేజీ దగ్గరికి పోయి చూసే హక్కు ఉండాలి. మే 31తో నీటి సంవత్సరం ముగియగానే ప్రాజెక్టుల వారీ పద్దు శాసనసభ ముందూ గ్రామసభ ముందూ పెట్టాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. అడగకముందే సమాచారం ఇవ్వాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనే చెబుతోంది.

2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులారా, నీటిపారుదల శాఖలో ఆ పుస్తకం మీ చేతుల్లోనే ఉంది. లాఠీలకు వెరవని విద్యార్థులారా, మీ ఊరి కాలువ తూముకు గేజీ ఉందో లేదో ఈ సెలవుల్లో పోయి చూడండి. ఉంటే చదివి ఊళ్లో రాసి పెట్టండి. లేకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. నీళ్ల కోసం రాష్ట్రం తెచ్చుకున్నాం. ఇక పద్దు తెచ్చుకోవాలి. జై తెలంగాణ!