కుక్కల్ని చంపితే రేబిస్ పోదు

2026 జనవరిలో కామారెడ్డి జిల్లా పేరు దేశమంతా వినబడింది. పాల్వంచ మండలంలోని కొన్ని ఊళ్లలో వీధికుక్కలకు విషం పెట్టి చంపించారన్న ఫిర్యాదుపై పోలీసులు కేసు పెట్టారు. దాదాపు రెండు వందల కుక్కలు చచ్చాయన్నది ఆరోపణ. కుక్కల బెడద లేకుండా చేస్తామన్న పంచాయతీ ఎన్నికల హామీలే దీనికి కారణమని వార్తలొచ్చాయి.

జనం భయం ఉత్తిది కాదు. 2024లో దేశవ్యాప్తంగా 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయి. అయితే, విషం ఆ భయానికి మందు కాదు. ఒక ఊళ్లో కుక్కల్ని చంపితే ఆ ఖాళీలోకి పక్క ఊరి కుక్కలు వస్తాయి. టీకా పడిన కుక్కలు కూడా చంపినవాటితోపాటే పోతాయి. కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోవా ఆ పని చేసి చూపింది: 2014లో అక్కడ 17 మంది రేబిస్‌తో చనిపోతే, 2019లో ఒక్కరూ చనిపోలేదు. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత 2023 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలదే. రేబిస్ సోకినవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇక కాటు పడ్డాక ఏం చేయాలి?

రేబిస్ వైరస్ నరాల వెంట మెదడుకు చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కాబట్టి చేయాల్సిందంతా ఆలోపే చేయాలి. గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడగాలి. కారం, సున్నం, పసరు జోలికి పోవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో చేతికి సూదులు వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతోపాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి.

చిన్న కుక్కపిల్లే కదా అని వదిలేయకూడదు. 2025లో ఉత్తరప్రదేశ్‌లో 22 ఏళ్ల కబడ్డీ ఆటగాడు మురుగు కాలువలో పడిన కుక్కపిల్లను కాపాడబోయి కాటు తిన్నాడు. చిన్న గాయమేనని టీకా వేయించుకోలేదు. కొన్ని నెలలకే చనిపోయాడు.

కామారెడ్డి జిల్లాలోని గాంధారి, లింగంపేట తండాల్లో కాటు పడినవారు ఇమ్యునోగ్లోబులిన్ కోసం కామారెడ్డి దాకా పరుగెత్తాల్సిన పని ఉండకూడదు. ఎల్లారెడ్డి ఆసుపత్రిలో అది ఏడాది పొడవునా నిల్వ ఉండాలి. ఏటా సెప్టెంబర్ 28న వచ్చే ప్రపంచ రేబిస్ దినం నాటికి ప్రతి పంచాయతీ తన ఊరి కుక్కలకు టీకాలు పూర్తి చేయించాలి. వచ్చే గ్రామసభలో సర్పంచ్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మన ఊళ్లో ఎన్ని కుక్కలకు టీకా పడింది?