వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు

పెళ్లిచూపులైన నాలుగో రోజు ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. ‘ఖాళీ దొరికితే ఏం చేస్తుంటారు?’ అని. ‘పెద్దగా ఏం లేదండీ, న్యూస్ చూస్తుంటా’ అని కొట్టాను. పచ్చి అబద్ధం. సరిగ్గా ఆ నిమిషంలో నా టీవీలో ఒక అబ్బాయి నీళ్లలో పడి అమ్మాయిగా పైకి తేలుతున్నాడు.

ఆ సిరీస్ పేరు ‘రాన్మా ½’. జపాన్ యానిమే. రాన్మా అనే కుర్రాడు తండ్రితో కలిసి చైనాలో యుద్ధవిద్య సాధన చేస్తూ శాపం ఉన్న నీటిగుంటలో పడతాడు. అప్పట్నుంచీ చన్నీళ్లు పడితే అమ్మాయి, వేణ్నీళ్లు పోస్తే మళ్లీ అబ్బాయి. తండ్రి పడ్డ గుంట వేరు, అందుకని ఆయన పాండా అయిపోతుంటాడు. ఈయనా, టోక్యోలో యుద్ధవిద్యల బడి ఉన్న ఈయన మిత్రుడూ కలిసి పిల్లల పెళ్లి ఎప్పుడో ఖాయం చేసుకున్నారు. ఆ ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దవాళ్లిద్దరూ చల్లగా తప్పుకుని చిన్నది అకానెని ముందుకు తోస్తారు. ‘మేం మాటిచ్చేశాం’ అనే నాన్నలు మనకేం కొత్త కాదు కదా!

రూమికో తాకాహాషి అనే ఆవిడ దీన్ని 1987 నుంచి 1996 దాకా ఒక వారపత్రికలో బొమ్మల సీరియల్‌గా వేసింది. పుస్తకాలుగా 38 సంపుటాలు. 1989లో టీవీకెక్కింది. 2024 అక్టోబర్లో మాపా స్టూడియో మళ్లీ మొదట్నుంచీ తీయడం మొదలుపెట్టింది. విశేషమేంటంటే, అప్పుడు రాన్మాకీ అకానెకీ గొంతిచ్చినవాళ్లే ఇప్పుడూ ఇచ్చారు. ముప్ఫై అయిదేళ్లు గడిచినా ఆ గొంతుల్లో పదహారేళ్ల పొగరు అలాగే ఉంది.

ఇక ఫైట్లంటారా, రిబ్బన్లు తిప్పుతూ జిమ్నాస్టిక్స్‌లో ఫైటు, ఐస్ మీద జారుతూ స్కేటింగ్‌లో ఫైటు. ర్యోగా అని ఒక ప్రత్యర్థి ఉన్నాడు. రాన్మాని కొట్లాటకి పిలిచి, దారి తప్పి, నాలుగో రోజుకి చేరుకున్న ఘనుడు. ఆ స్థలం ఎక్కడో కాదు, వాళ్లింటి వెనకాలే! చన్నీళ్లు పడితే ఇతను చిన్న నల్ల పందిపిల్ల. అకానె ఆ పందిపిల్లని ముద్దుచేసి పెంచుకుంటుంది, అది ర్యోగా అని తెలీక. ఇతను చెప్పడు. చెప్పే ధైర్యం లేదు.

నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఆగిపోయాను. అకానె మనసులో ఊరి వైద్యుడు డాక్టర్ టోఫు ఉన్నాడు. ఆయన మనసులో పెద్దక్క కసుమి. అక్కలా కనపడాలని అకానె జుట్టు పొడుగ్గా పెంచుకుంటుంది. రాన్మా, ర్యోగా కొట్లాట మధ్యలో ఆ జుట్టు కాస్తా తెగిపోతుంది. ఎవరిమీదా కేకలేయకుండా వెళ్లిపోయి, డాక్టర్ దగ్గర వెక్కి వెక్కి ఏడుస్తుంది. అంతటి ఫైటర్ రాన్మాకి అక్కడ ఏ విద్యా పనికిరాదు. తర్వాత ఎలాగో, పొట్టి జుట్టే నీకు బాగుందని నసుగుతాడు. ఒక్క ముక్క. దానికే ఆ పిల్ల మొహం తేటపడుతుంది.

ఈ కథలో అందరూ గోడలు బద్దలు కొట్టగలరు, మనసులో మాట మాత్రం చెప్పలేరు. అది పైకి రాబోయే ప్రతిసారీ ఎవరో ఒకరు ఫైట్ మొదలుపెడతారు. నాకు ఫైట్లు రావు కాబట్టి ‘న్యూస్ చూస్తా’ అన్నాను. మా డాబా మీద ఆ అమ్మాయితో మాట్లాడిన పది నిమిషాల్లో జీతం చెప్పాను, ఆఫీసెక్కడో చెప్పాను, ఇంటి లోన్ ఎంతుందో కూడా చెప్పాను. నాకేది ఇష్టమో మాత్రం చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చి బొమ్మలు చూస్తాడా అనుకుంటుందేమోనని.

ఆ రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టాను. ‘ఇందాక అబద్ధం చెప్పానండీ’ అని మొదలుపెట్టి, సిరీస్ పేరు రాసి, చన్నీళ్లూ వేణ్నీళ్లూ వివరించి పంపేశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నా గానీ నిద్రేం పట్టలేదు.

పొద్దున్నే వచ్చింది: ‘రాత్రి మూడు ఎపిసోడ్లు చూశాను. ఆ పాండా అచ్చం మా నాన్నగారే. ఆయనకి మాత్రం చెప్పకండి.’

చెప్పను. ఒట్టు.