బతికున్నవాళ్లకూ జోహార్!

2022 జులై 25. పార్లమెంటు సెంట్రల్ హాల్లో ద్రౌపది ముర్ము రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. చేయించింది మన తెలుగువారే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ. ఆ తర్వాత ప్రసంగానికి లేచిన ఆమె మొదట పలికిన మాట 'జోహార్'.

ఆ మాట వినగానే మనకు అమరవీరుల స్తూపం గుర్తుకొస్తుంది. పిడికిలెత్తి, పోయినవాళ్ల కోసం మనం అనే మాట అది. సంతాలులకు మాత్రం ఎదురైన మనిషిని పలకరించే మాట, బతికున్నవాళ్లకు పెట్టే దండం. నా మనసు ఆ తేడా దగ్గరే ఆగిపోయింది. ఈ దేశం ఆదివాసులకు జోహార్లు చెప్పింది వాళ్లు చనిపోయాకే కదా! సిద్ధూ కాన్హూలకు, బిర్సా ముండాకు, కొమురం భీంకు విగ్రహాలు పెట్టింది. వాళ్లు ఏ భూమి కోసం ప్రాణాలిచ్చారో ఆ భూమి మీద హక్కు మాత్రం నేటికీ తగాదాలోనే ఉంది.

ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడలో పుట్టిన సంతాల్ ఆడబిడ్డ ఆమె. గుమస్తాగా, పంతులమ్మగా పనిచేసి 1997లో రాయ్‌రంగ్‌పూర్‌లో కౌన్సిలరయ్యారు. పాతికేళ్లకు దేశానికి ప్రథమ పౌరురాలయ్యారు. సంతోషించనివాళ్లెవరు? నాకూ కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రమే ఏజెన్సీ నుంచి ఒక ఆదివాసీ టీచర్ ఫోన్ చేశాడు. "అన్నా, మనామె గద్దెనెక్కింది. ఇగ మా పోడు పంచాయితీ తెగుతదా?" నా నోట మాట రాలేదు.

రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకే నడవాలంటుంది రాజ్యాంగం 74వ అధికరణం. అందుకే రబ్బరు స్టాంపు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. కానీ ఆ సలహాను పునరాలోచించమని ఒకసారి తిప్పి పంపే హక్కు కూడా ఆ అధికరణంలోనే ఉంది. తొలి దళిత రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ ఆ హక్కును వాడారు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో, 1998లో బీహార్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న సిఫారసులను వెనక్కి పంపారు.

ముర్ముకూ ఆ అనుభవం ఉంది. జార్ఖండ్ గవర్నరుగా ఉండగా 2017లో ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాల సవరణ బిల్లులు ఆమె ముందుకు వచ్చాయి. ఆదివాసీ సాగు భూమిని ఇతర అవసరాలకు మళ్లించే దారి తెరిచే బిల్లులవి. పంపింది సొంత పార్టీ ప్రభుత్వమే. అయినా తిప్పి పంపారు. సర్కారు వెనక్కి తగ్గింది. అయితే ఒక్క సంగతి మరవొద్దు. అంతకుముందే జార్ఖండ్ పల్లెలు రోడ్డెక్కాయి. జనం కదిలారు కాబట్టే ఆ కలం ఆగింది.

ఐదో షెడ్యూలు ప్రకారం ఏజెన్సీ ప్రాంతాల పాలనపై గవర్నర్లు ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. 1/70 చట్టం కాగితం మీద ఉండి ఊళ్లో ఎందుకు లేదో ఆ నివేదికలో ఉండాలి. అది చదివి నిలదీసే మనిషి గద్దె మీద ఉండాలి. నిలదీయమని అడిగే జనం కింద ఉండాలి.

ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. తమ్మీ, మనామె గద్దెనెక్కినంత మాత్రాన పంచాయితీ తెగదు. నీ గ్రామసభ గొంతెత్తితే ఆ గద్దెకు చెవులొస్తయి. అప్పుడే బతికున్నవాళ్లకు నిజమైన జోహార్!